మూడు ఇటుకలు, చిరిగిన జల్లెడ

మా అరుగు మీద చాలాకాలం మూడు ఇటుకలుండేవి. ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన రెండు. ఎడమది క్లచ్చి, కుడి పక్క రెండూ బ్రేకులు. వాటి వెనక పీట. పీట ముందు అరుగు స్తంభానికి తాటినారతో కట్టిన జల్లెడ. అడుగు చిరిగిపోయి చట్రం ఒక్కటే మిగిలితే పారెయ్యడం ఇష్టం లేక దాచిన జల్లెడ అది. అదే స్టీరింగు.

నేను చదివింది మూడో తరగతి. రాయడం వచ్చుగానీ పెద్ద మాటలు రావు. మా మనవలు మోటారు సైకిళ్ళు తీసి రివ్వున వెళ్ళిపోతుంటే, "నేర్చుకున్నారట్రా?" అని అడుగుతాను. "నడపడం ఎప్పుడో వచ్చు నాయనమ్మా" అంటారు. "ఆపడం వచ్చా?" అంటే నవ్వుతారు. కూర్చోబెట్టి చెబుదామంటే వాళ్ళకి తీరిక ఉండదు. అందుకని రాస్తున్నాను.

మాది దివిసీమలో కోడూరు అవతల, సముద్రానికి దగ్గర ఊరు. డెబ్బయ్యేడు ఉప్పెనలో ఊరు ఊడ్చుకుపోయింది. ఆ రాత్రి సంగతి నేను రాయను. మా ఇంటి వరకు చెప్పాలంటే మా అత్తగారు పోయారు, మా చిన్నపిల్ల పోయింది, ఎడ్ల జత పోయింది. మేమిద్దరం మిగిలాం. పెద్దపిల్లాడు గుడివాడలో మా అన్నయ్యగారింట్లో ఉండి చదువుకుంటున్నాడు గనక వాడూ మిగిలాడు. ఆ రాత్రి మా ఆయన చేతుల్లోంచి ఏం జారిపోయిందో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

తరవాత ఏడుపు రాలేదు. ఊళ్ళో చాలామందికి రాలేదు. ఎవరో బట్టలిచ్చారు, కట్టుకున్నాం. ఎవరో వండి పెట్టారు, తిన్నాం. ఇటుకలతో ఇళ్ళు కట్టిచ్చారు, వెళ్ళి లోపల పడుకున్నాం. మడిలో ఉప్పు తేలి ఎండకి తెల్లగా మెరుస్తుంటే గట్టు మీద నిలబడి చూసేవాళ్ళం. మా ఆయన ఎడ్ల గురించి మాట్లాడేవారు. ఎడమ ఎద్దుకి గిట్ట నొప్పిగా ఉండేదనీ, కుడి ఎద్దు నీళ్ళు చూస్తే బెదిరేదనీ చెప్పేవారు. పిల్ల మాట ఎత్తేవారు కాదు. మొదట నాకు కోపం వచ్చేది. కొన్నాళ్ళకి ఆ కోపం కూడా రావడం మానేసింది.

దున్నడానికి ఊళ్ళో ఎడ్లు లేవు. ఊరంతటికీ కలిపి ఒక ట్రాక్టరు ఇస్తామన్నారు సాయం చేసేవాళ్ళు. ఎవరు తోలాలి అన్న మాట వచ్చినప్పుడు అందరూ మా ఆయన వైపు చూశారు. ఎడ్లబండి తోలడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాళ్ళు లేరు. అవనిగడ్డ నుంచి సరుకేసుకుని వచ్చేటప్పుడు బండి మీదే నిద్రపోయేవారు. ఎడ్లు ఇంటి ముందుకొచ్చి ఆగేవి.

పక్క వీధిలో వేరే కాపురం ఉండే మా మరిది అన్నాడు: "అంత పొగరు ఎడ్లనే తోలినోడివి, దీనికి కొమ్ములు కూడా లేవు కదన్నయ్యా."

ట్రాక్టరు తేవడానికి మా ఆయన వాళ్ళు గుడివాడ వెళ్తుంటే పిల్లాణ్ణి చూడొచ్చని నేనూ వెళ్ళాను. షాపు వెనక ఖాళీ స్థలంలో ఒక మెకానిక్కు ఒక్క పూట చూపించాడు. ఇది క్లచ్చి, ఇది గేరు, ఇది చేత్తో లాగే ఎక్సిలేటరు. బ్రేకు పెడళ్ళు రెండు ఉన్నాయి, కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి.

"పొలంలో ఒక్కోటి విడిగా తొక్కండి, మడి మూల బాగా తిరుగుద్ది" అన్నాడు. "రోడ్డెక్కితే మాత్రం రెండిటినీ కలిపి ఈ గొళ్ళెం వెయ్యాలి. మర్చిపోయారనుకోండి, ఒక చక్రం ఆగుద్ది, రెండోది ఆగదు. బండి తిరగబడుద్ది."

మా ఆయన తల ఊపారు. నేను వెనక నిలబడి గొళ్ళెం వైపు చూశాను. నాకు అర్థమైంది అదొక్కటే గనక అదొక్కటే గుర్తు పెట్టుకున్నాను.

ఊరిదాకా మెకానిక్కే తోలుకొచ్చి ఇచ్చి బస్సెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు మా ఆయన ఎక్కారు. పొలంలో బాగానే తిప్పారు. మెల్లగా, గీత గీసినట్టు. గట్టు మీద కూర్చున్నవాళ్ళు, "చూశారా, చేతిలో ఉంది విద్య" అన్నారు. మధ్యాహ్నం ట్రాక్టరు తెచ్చి మా దొడ్లో పెట్టబోయారు. దొడ్లో గడ్డివామి ఉంది. ఉన్న గేదెల కోసం తోట్లవల్లూరు వైపు చుట్టాలు పంపిన గడ్డి అది. ట్రాక్టరు వామి వైపు వస్తోంది. నేను వసారాలో నిలబడి చూస్తున్నాను. ఆయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, వెనక్కి వాలి, గుండెల దాకా లాక్కుంటూ "హో... హో... హో..." అన్నారు.

ట్రాక్టరు వామిలోకి వెళ్ళిపోయింది. సగం దాకా వెళ్ళి, గడ్డి చుట్టుకుని, ఇంజను ఆగిపోయింది.

అందరూ నవ్వబోయారు. అంతలో వామి అవతలి పక్కనుంచి పక్కింటావిడ బయటికొచ్చింది. గేదెకి గడ్డి దూస్తోందట. తలనిండా గడ్డి. చెయ్యి మీద గీసుకుపోయి కొంచెం రక్తం. ఆవిడ అరవలేదు. మా ఊళ్ళో అప్పటికి అందరూ అరవడం మానేశారు. గడ్డి దులుపుకుని మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మా ఆయన దిగలేదు. స్టీరింగు ఇంకా గుండెలకేసి లాగుతూనే ఉన్నారు. నేను వెళ్ళి చూశాను. కాళ్ళు రెండూ ముందుకు తన్నిపెట్టి, ఎడ్లబండి నొగల మీద పెట్టినట్టు పెట్టుకుని ఉన్నారు. పెడళ్ళ మీద లేవు. ఎడ్ల ముకుతాడు లాగితే ఆగుతాయి. దీనికి ముకుతాడు లేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, చెప్పమంటే చెప్తారు. చేతులకి తెలియదు.

నేను తాళం తీసి కొంగున ముడేసుకున్నాను.

మా మరిది వచ్చాడు. "వామే కదా వదినా, మెత్తగా ఉంది. ఏం కాలేదు."

"ఆవిడ ఒక బారెడు ఇటుంటే?"

"ఇటు లేదుగా."

"రేపు మాఘానికి పాలకాయతిప్ప వెళ్దామంటున్నారుగా ట్రక్కులో. కాలవగట్టు మీద ఏం అడ్డమొస్తే ఏం లాగుతారు మీ అన్నయ్య?"

ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కులో ఊరి ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఎక్కించుకుని సముద్రస్నానానికి వెళ్ళాలని అప్పటికే అనుకున్నారు. ఉప్పెన వచ్చిన తరవాతి మాఘ పున్నమికి ఎవరూ సముద్రం వైపు వెళ్ళలేదు. ఈసారి పోయినవాళ్ళకి నీళ్ళొదలాలి అన్నారు పెద్దలు. పాలకాయతిప్పకి దారి చాలా దూరం కాలవగట్టే. ఒక పక్క నిండు కాలవ, ఇంకో పక్క పల్లం. ఊళ్ళో మిగిలినవాళ్ళంతా ఆ ఒక్క ట్రక్కులో ఉంటారు.

"తాళం ఊరి సంఘానిది వదినా" అన్నాడు చివరికి.

"సంఘాన్ని వచ్చి అడగమను."

సంఘం రాలేదు. దున్నడానికి మాత్రం తాళం ఇచ్చేదాన్ని. మడి దిగేటప్పుడు ఇచ్చి, మడి ఎక్కగానే తీసుకునేదాన్ని. రోడ్డుకిచ్చేదాన్ని కాదు.

గుడివాడ మెకానిక్కు మాటల్లో చెప్పాడు, బందర్లో ఒక సాయిబుగారున్నారని. బస్సు నడిపి నడిపి మానేశాక ఒక పాత జీపు పెట్టుకుని నేర్పుతున్నారట. ఒకరోజు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. మా ఆయన ఎక్కడికని అడగలేదు. ఆ రోజుల్లో ఆయన్ని చెయ్యి పట్టుకుని ఎక్కడికి తీసుకెళ్ళినా వచ్చేవారు. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటుతుంటే కిటికీలోంచి నీళ్ళు చూడకుండా తల దించుకుని కూర్చున్నారు.

సాయిబుగారు తెల్లగడ్డం మనిషి. వాకిట్లో జీపు తుడుస్తున్నారు. సంగతి విని మా ఆయన్ని జీపులో కూర్చోబెట్టారు. ఇంజను వెయ్యలేదు. పక్కన కూర్చుని ఏవో ఊరి కబుర్లడుగుతూ అడుగుతూ మధ్యలో "మేక" అని గట్టిగా అరిచారు. మా ఆయన స్టీరింగు గుండెలకి లాక్కున్నారు.

సాయిబుగారు నవ్వలేదు. కాసేపు ఆ చేతుల వైపు చూశారు.

"ఎడ్లు పెద్దవా బావా?"

"ఒంగోలు జత."

"ఉన్నాయా?"

మా ఆయన తల అడ్డంగా ఊపారు.

"నువ్వింకా తోల్తూనే ఉన్నావు" అన్నారు సాయిబుగారు.

ఆ రోజంతా ఇంజను వెయ్యలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది, బస్సుచార్జీలు పెట్టుకుని వచ్చింది ఆగున్న జీపులో కూర్చోడానికా అని. ఆ మాటే అన్నాను.

"చెల్లెమ్మా, పరుగెత్తడం దానికొచ్చు" అన్నారాయన, ఇంజను మీద చెయ్యి వేసి. "అది నేర్పక్కర్లేదు. ఆపడం దానికి రాదు. అది బావ నేర్చుకోవాలి. ఆపడం వచ్చినరోజు కదిలిద్దాం."

"ఎప్పటికొస్తుంది?"

"ఇంటి దగ్గర చదివిస్తే తొందరగా వస్తుంది. పిల్లలకి ఎక్కాలు ఎట్లా వస్తాయి?"

ఆయన చెప్పిన కిటుకు ఒకటే. స్టీరింగు మీద చేతులు పెట్టాలి గానీ గుప్పెట బిగించకూడదు. బొటనవేళ్ళు బయటే ఉంచాలి. ఏదైనా అడ్డమొస్తే ముందు వేళ్ళు విప్పాలి, ఆ వెంటనే కాలు నొక్కాలి. "పట్టుకుంటేగా లాగేది" అన్నారు. "అరచెయ్యి ఆనించి తిప్పు, వేళ్ళు వదిలెయ్యి. లాగడానికి ఏమీ దొరకదు. అప్పుడు కాలికి తెలుస్తుంది తన పనేమిటో."

ఇంటికొచ్చాక ట్రాక్టరు మీద రోజూ చదివిద్దామంటే డీజిలు దండగ. ఉత్తినే ఎక్కి కూర్చోమంటే ఊళ్ళోవాళ్ళు చుట్టూ చేరతారు. అందుకని కట్టిన ఇంటికి మిగిలిన ఇటుకలు మూడు తెచ్చి అరుగు మీద పెట్టాను. కుడి పక్క రెండిటినీ తాడుతో కలిపి కట్టాను. అది గొళ్ళెం. నేనెదురుగా కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండేదాన్ని. ఏరుతూ ఏరుతూ "గేదె" అనేదాన్ని.

మొదట్లో జల్లెడ ఆయన గుండెల మీదికొచ్చేది. స్తంభానికి కట్టిన నార తెగిపోయేది.

"చేతులు కాదు, కాలు."

"తెలుసే."

"తెలిస్తే నార ఎందుకు తెగింది? మళ్ళీ."

నాకు చదువు చెప్పిన పంతులుగారు తప్పు చెప్తే కొట్టేవారు, ఒప్పు చెప్తే ఏమీ అనేవారు కాదు. నాకు తెలిసిన చదువు అదొక్కటే. నేను కొట్టలేదుగానీ కాఫీ ఇచ్చేదాన్ని కాదు. ఇటుక తొక్కినరోజు కాఫీ. జల్లెడ లాగినరోజు మంచినీళ్ళు. ఆయన మంచినీళ్ళు తాగి లేచి వెళ్ళేవారు. ఏమీ అనేవారు కాదు.

మా మరిది వీధిలోంచి పోతూ ఆగేవాడు. "ఏం వదినా, అరుగు మీంచి గుడివాడకి సర్వీసు పెట్టించావా? టిక్కెట్టెంత?"

"పక్కకి తప్పుకో. బ్రేకింకా కుదర్లేదు."

"అబ్బో, ఇటుకలకి గొళ్ళెం కూడానా. హారను లేదా?"

"నువ్వొస్తున్నావుగా రోజూ."

మా ఆయన పెదవి కొంచెం కదిలినట్టనిపించింది. నేను బియ్యం ఏరుకుంటూ సరిగ్గా చూడలేదు.

వారానికోసారి బందరు వెళ్ళేవాళ్ళం. మూడోసారో నాలుగోసారో సాయిబుగారు జీపు కదిలించనిచ్చారు. మంగినపూడి దారిలో ఇసక, ఎదురొచ్చేవాళ్ళు తక్కువ. నేను వెనక కూర్చున్నాను. గేదె, బస్సు, సైకిలు, ముసలావిడ, ఏది వచ్చినా ఇప్పుడు కాలు పడుతోంది. కానీ చేతులు కూడా లాగుతూనే ఉన్నాయి. కాలు ఆలస్యంగా పడుతోంది. సాయిబుగారు పక్కనుంచి చేతిబ్రేకు లాగాల్సి వస్తోంది.

"వేళ్ళు విప్పవేం బావా?"

దానికి జవాబు మా ఆయన ఇంటికొచ్చాక, అరుగు మీద కూర్చున్నప్పుడు నాతో చెప్పారు.

"వదల్లేకపోతున్నానే."

నేను చేటలోంచి తలెత్తలేదు. ఆయన చేతులు జల్లెడ మీద ఉన్నాయి. వేలి గెణుపులు తెల్లబడి ఉన్నాయి. అంత గట్టిగా పట్టుకుని ఉన్నారు ఆ ఉత్త చట్రాన్ని. ఎడ్ల పగ్గాలని అంత గట్టిగా పట్టనక్కర్లేదు. నాకు అప్పుడు తెలిసింది, ఆయన లాగుతున్నది ఎడ్లని ఒక్కటే కాదని. తెలిశాక ఏదో ఒకటి అనాలి కదా అనిపించింది. ఏమీ దొరకలేదు. లోపల ఎక్కడ వెతికినా చల్లగా, ఖాళీగా ఉంది.

"మళ్ళీ" అన్నాను.

మాఘం దగ్గరికొచ్చింది. చివరిసారి బందరు వెళ్ళినప్పుడు సాయిబుగారు నన్ను పక్కకి పిలిచారు.

"ఇంటి దగ్గర ఏమేం అరుస్తున్నావు చెల్లెమ్మా?"

చెప్పాను. గేదె, మేక, బస్సు, బండి, సైకిలు, ముసలావిడ.

"పిల్లలో?"

నేను కొంగుముడి బిగించాను.

"రోడ్డు మీద ఎక్కువ అడ్డమొచ్చేది వాళ్ళే. నేను ఇన్నాళ్ళు బస్సు నడిపి భయపడింది వాళ్ళకే. ఇంటి దగ్గర వినకపోతే దారిలో మొదటిసారి వింటాడు బావ. అది మంచిది కాదు."

ఆయనకి మా ఇంటి సంగతి తెలుసో తెలియదో. బందర్లో కూడా ఉప్పెన నీళ్ళు తిరిగాయి. తెలిసే ఉంటుంది.

మర్నాడు అరుగు మీద కూర్చున్నాం. బియ్యం ఏరడం అయిపోయింది. వడ్లగింజలూ రాళ్ళూ కూడా అయిపోయాయి. ఉత్త బియ్యాన్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. ఆయన మేక కోసమో గేదె కోసమో చూస్తున్నారు.

"పిల్ల" అన్నాను.

అరవలేదు. మామూలు గొంతుతోనే అన్నాను. మాకు ఉన్న పిల్లని పిలిచినట్టు వచ్చింది ఆ మాట.

ఆయన పది వేళ్ళూ విచ్చుకున్నాయి. జల్లెడ ఉన్నచోటే ఉంది, కదల్లేదు. కాలు ఎంత గట్టిగా పడిందంటే రెండు ఇటుకలూ తాడుతో సహా జరిగి గోడకి కొట్టుకున్నాయి. ఒకటి అంచు విరిగింది.

ఇద్దరం అలాగే ఉన్నాం. వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్ళారు. ఆయన వేళ్ళు చాపుకునే ఉన్నారు, మూయలేదు. నేను లేచి లోపలికెళ్ళి కాఫీ పెట్టాను. ఆ రోజు చక్కెర చూసుకోకుండా వేశాను. ఆయన తాగి గ్లాసు కింద పెట్టి, "ఇంకోసారి అను" అన్నారు.

అన్నాను. పున్నమి దాకా రోజూ అన్నాను. మా ఇంట్లో ఆ మాట వినపడి అప్పటికి ఏడాది దాటింది.

పున్నమినాడు పొద్దున్నే ట్రక్కు నిండింది. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, పసుపు కుంకాలు, చద్దిమూటలు. నేను ముందు ట్రాక్టరు దగ్గరికెళ్ళి వంగి గొళ్ళెం చూశాను. వేసి ఉంది. చేత్తో కూడా ఆడించి చూశాను. అప్పుడు లేచి కొంగుముడి విప్పి తాళం ఇచ్చాను. ఆయన ఇంజను వేశారు. తల తిప్పి చూసేసరికి మా మరిది పెద్దచక్రం పైన మడ్గార్డు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

"దిగి ట్రక్కెక్కు."

"అందరూ ఇక్కడే కూర్చుంటారు వదినా. ఏ ఊళ్ళోనైనా చూడు."

"ఏ ఊళ్ళోనో ఎక్కి అక్కడ కూర్చో. ఇక్కడ దిగు."

"ఆడవాళ్ళ మధ్య కూర్చోనా నేను?"

నేను ఇంకేదో అనబోయాను. ఈలోగా ఇంజను ఆగిపోయింది. మా ఆయన తాళం తీసి జేబులో వేసుకున్నారు.

"దిగరా" అన్నారు.

ఉప్పెన తరవాత ఆయన ఎవరికైనా ఒక మాట గట్టిగా చెప్పడం అదే మొదటిసారి వినడం. వాడు దిగాడు. ట్రక్కులో ముసలమ్మల మధ్య మోకాళ్ళు కడుపులో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంజను మళ్ళీ వేశారు.

మెల్లగా వెళ్ళాం. పక్కనుంచి ఎడ్లబండి ఒకటి మమ్మల్ని దాటిపోయినంత మెల్లగా. పిల్లలు గోల పెట్టారు, ఇంకా జోరుగా అని. వెనక బరువున్నప్పుడు బండి వెంటనే ఆగదనీ, ట్రక్కు వెనకనుంచి నెడుతుందనీ సాయిబుగారు చెప్పారు. నేను ట్రక్కు ముందంచున నిలబడి ఆయన వీపు చూస్తున్నాను. ఎడ్లు తోలేటప్పుడు ఆ వీపు వెనక్కి వాలి ఉండేది. ఇప్పుడు నిటారుగా ఉంది.

కాలవగట్టు ఎక్కాం. ఒక పక్క నీళ్ళు అంచుల దాకా ఉన్నాయి. ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. ఎవరూ నీళ్ళ వైపు చూడలేదు.

ఎదురుగా సైకిలు మీద ఒకతను వస్తున్నాడు. వెనక చేపల బుట్ట, హాండిలుకి రెండు పక్కలా సంచులు. గట్టు సన్నంగా ఉంది. పల్లం పక్కకి తప్పుకోబోయి, చక్రం ఇసకలో దిగబడి, అతను అడ్డంగా మా ముందు పడ్డాడు. బుట్ట దొర్లింది.

ఆయన వేళ్ళు విచ్చుకున్నాయి. నేను వెనకనుంచి చూశాను, రెండు చేతులూ స్టీరింగు మీద విచ్చుకుని ఉన్నాయి. "హో" అన్నారు, అది మాత్రం ఆగలేదు. ట్రక్కు వెనకనుంచి ఒక్క నెట్టు నెట్టింది. మేమంతా ముందుకు తూలాం. బండి కాలవ వైపు తిరగలేదు, పల్లం వైపు తిరగలేదు. నిలువుగా ఆగింది. చక్రం ముందు చేప ఒకటి తోక కొట్టుకుంటోంది.

సైకిలతను లేచి ముందు చేపలు ఏరుకున్నాడు. తరవాత తిట్లు మొదలుపెట్టాడు.

"కళ్ళు కనపడట్లేదా నీకు?"

"కనపడబట్టే ఆగింది" అన్నారు మా ఆయన.

"గట్టంతా నీదేనా?"

"నువ్వు లేచాక సగం నీది."

ట్రక్కులో ఎవరో ముసలావిడ కిసుక్కున నవ్వింది. మా మరిది మాత్రం మడ్గార్డు వైపు చూస్తున్నాడు. దాని కిందే కాలవ.

"వదినా, అక్కడే కూర్చుంటే ఇప్పుడు నేనెక్కడుండేవాణ్ణి?"

"చేపల బుట్టలో" అన్నాను.

ఇద్దరు దిగి అతని సైకిలు లేపి బుట్ట కట్టిపెట్టారు. మళ్ళీ కదిలాం. పాలకాయతిప్ప చేరేసరికి ఎండెక్కింది. ఆయన ఇంజను ఆపి, గేరు చూసుకుని, పెద్దచక్రాల కింద రెండు రాళ్ళు పెట్టారు. అందరూ దిగి ఇసకలో నడిచారు. నేను దిగబోతే కుడికాలు నాది కాదన్నట్టుంది. తొడ నుంచి మడమ దాకా మొద్దుబారిపోయింది. ఇంటి దగ్గర ఎక్కినప్పటి నుంచీ ట్రక్కు చెక్క మీద ఆ కాలు నొక్కిపెట్టే ఉన్నానని అప్పుడు తెలిసింది.

కుంటుకుంటూ నీళ్ళ దాకా వెళ్ళాను. అల వచ్చి ఎడమకాలికి చల్లగా తగిలింది. కుడికాలికి తగిలిందో లేదో తెలియలేదు. చుట్టూ ఆడవాళ్ళు మునుగుతున్నారు. కొందరు ఏడుస్తున్నారు, ఇన్నాళ్ళకి. నేను పసుపు వేసి, దణ్ణం పెట్టి, నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుని వెనక్కొచ్చాను.

ఆయన ట్రాక్టరు నీడలో నిలబడి ఉన్నారు.

"మీరు రారా?"

"బండి దగ్గర ఎవరో ఒకరుండాలిగా. పిల్లలు ఎక్కి ఏదో ఒకటి కదుపుతారు." నా నడక చూశారు. "కాలికేమైంది?"

"తిమ్మిరి."

"దారంతా నువ్వూ నొక్కుతూనే ఉన్నావా?"

నేను కాలు నేలకేసి తట్టాను.

"మరి నువ్వు నొక్కితే ఆగిందా, నేను నొక్కితే ఆగిందా?"

"ఆగింది కదా" అన్నాను. "తాళం ఇచ్చి వెళ్ళండి. నేనుంటాను బండి దగ్గర."

ఆయన తాళం ఇచ్చారు. కొంగున ముడేసుకున్నాను. పంచె ఎగగట్టి ఇసకలో నడుచుకుంటూ వెళ్ళారు. నేను ట్రాక్టరు మెట్టు మీద కూర్చుని కాలు పట్టుకున్నాను. దూరంగా కనిపిస్తున్నారు. మోకాళ్ళ లోతులో చాలాసేపు ఊరికే నిలబడ్డారు. తరవాత వంగి దోసిట్లో నీళ్ళు తీసుకున్నారు. వెంటనే వదల్లేదు. దోసిలి అలాగే గుండెల దగ్గర పెట్టుకుని ఉన్నారు. నేను చూస్తున్నాను. ఇక్కణ్ణుంచి ఆ మాట అంటే వినపడదు. అనలేదు.

కాసేపటికి వేళ్ళు విప్పారు.

నాకేమీ అనిపించలేదు. కాల్లో తిమ్మిరి మాత్రం సూదులు గుచ్చినట్టు దిగడం మొదలుపెట్టింది. అది పూర్తిగా దిగేదాకా అక్కడే కూర్చున్నాను.

చీకటి పడకముందే ఇల్లు చేరాలని అందర్నీ తొందరగా ఎక్కించాను. మా మరిది చెప్పకుండానే ట్రక్కెక్కాడు. ఆయన తడి చేతులు పంచెకి తుడుచుకుని తాళం కోసం చెయ్యి చాపారు.

"ముందు రాళ్ళు తియ్యండి" అన్నాను.